ఈస్టుతో తయారైన సీబీజీ పొడి: కొనాలా, ఆగాలా?

ముందే చెప్పేస్తాను. పొడి బాగుంది. దాని వెంట వచ్చిన కాగితాలు బాగాలేవు. ధర ఇక ముందు ఎలా పడిపోతుందో అమ్మేవాళ్లు చెప్పే కథ మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. నక్షత్రాల్లో చెప్పమంటే సరుకుకు అయిదుకు నాలుగు, కాగితాలకు రెండు. ధరకు ఎన్ని ఇవ్వాలో మీరు దాన్ని దేనిలో వాడతారో తెలిస్తే తప్ప చెప్పలేను.

ముఖానికి రాసుకునే నూనెలు, లేపనాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో ముడిసరుకు ఎంపిక నా పని. సీబీజీ, అంటే గంజాయి జాతి మొక్కల్లో ఉండే కన్నాబిజెరాల్ అనే పదార్థం, మాకు కొత్త కాదు. హెంప్, అంటే మత్తు పదార్థం చాలా తక్కువగా ఉండే గంజాయి రకం, దాని పూల నుంచి తీసిన ఐసోలేట్‌ను (వేరుచేసి శుద్ధి చేసిన పొడిని) చాన్నాళ్లుగా వాడుతున్నాం. ఇప్పుడు ఒక సరఫరాదారు వచ్చి, అణువు అదే గానీ మొక్కతో పని లేదు, ఈస్టే తయారుచేస్తుంది అని వెంటపడ్డాడు. నమూనా చూసి, తర్వాత కొద్ది మొత్తం కొన్నాను. ఆ సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ నేను ఎత్తిచూపే లోపాలు ఆ ఒక్కరివే కావు, ఈ రంగంలో చాలామందివి.

గంజాయి జాతి మొక్కలో కన్నాబినాయిడ్లు అనే ప్రత్యేక రసాయనాలు వందకు పైగా ఉంటాయి. మత్తునిచ్చేది టీహెచ్‌సీ. మత్తు లేకుండా మార్కెట్‌ను ఊపేసినది సీబీడీ. ఈ రెండూ సీబీజీ ఆమ్లం అనే ఒకే తల్లి నుంచి పుడతాయి. పూవు పండేలోపు మొక్క ఆ తల్లిని దాదాపు పూర్తిగా ఖర్చుపెట్టేస్తుంది కాబట్టి మామూలు రకాల్లో చివరికి మిగిలే సీబీజీ ఒక శాతం కూడా ఉండదు. మొక్కలో అరుదు కనుకనే ఈస్టు వైపు చూసినవాళ్లలో ఎక్కువమంది మొదట దీని మీద చెయ్యి వేశారు.

ఇక పొడి సంగతి. తెల్లగా, మెత్తగా ఉంది. వాసన లేదు. వాసన లేకపోవడం కొనేవాళ్లకు చిన్న విషయంగా అనిపించవచ్చు, నాకు మాత్రం ఈ సరుకులో అన్నిటికన్నా విలువైన గుణం అదే. మేము వాడే హెంప్ సీబీజీ ఎంత శుద్ధి చేసినదైనా సీసా మూత తీయగానే సన్నగా పసరు, జిగురు కలిసిన వాసన తగులుతుంది. పరిమళం కలిపే లేపనంలో అది మునిగిపోతుంది. పరిమళం లేని ముఖ నూనెలో మునగదు. ఈ పొడి వేసిన నూనెను పక్కవాళ్ల చేత వాసన చూపించాను. ఏ సీసాలో వేశానో ఎవరూ చెప్పలేకపోయారు.

ఎంసీటీ అనే పలుచని నూనెను గోరువెచ్చగా చేసి కలిపితే తేటగా కరిగింది, చల్లారాక అడుగున ఏమీ పేరుకోలేదు. నీటిలో కరగదు. ఏ కన్నాబినాయిడూ కరగదు. నీటిలో కరిగే సీబీజీ అని ఎవరైనా అమ్మితే వాళ్లు ఎమల్షన్, అంటే నీటిలో సన్నటి నూనె చుక్కలు కలిపిన మిశ్రమం, అమ్ముతున్నారు, అందులో సీబీజీ ఎంత, మిగతాది ఎంత అని అడగండి. గాలి, వెలుతురు, క్షారం, ఈ మూడూ దీనికి శత్రువులే. క్షారం ఎక్కువున్న సబ్బు ముద్దలో చిటికెడు వేస్తే ఊదా రంగుకు తిరిగింది. అది సరుకు తప్పు కాదు. ఈ అణువులోని ఫీనాల్ వలయం ఆక్సీకరణం చెందితే రంగు తేలడం సహజం, మొక్క సీబీజీ కూడా అలాగే చేస్తుంది.

సరఫరాదారు తప్పు వేరే చోట ఉంది. సీబీజీ కరిగే ఉష్ణోగ్రత సుమారు 52 డిగ్రీల సెల్సియస్. సీబీడీ అయితే 66 దాకా నిలబడుతుంది. అంటే సీబీడీ తట్టుకునే ప్రయాణాన్ని సీబీజీ తట్టుకోదు. ఎండలో నిలిపిన వాహనంలో 52 డిగ్రీలు పెద్ద లెక్క కాదు. అయినా నాకు వచ్చినది పలుచని ప్లాస్టిక్ సంచిలో, మామూలు అట్టపెట్టెలో. సంచిలో ఒక మూల పొడి కరిగి, మళ్లీ గడ్డకట్టి, రాయిలా తయారైంది. నూరి వాడుకున్నాం, గుణం చెడలేదు. కానీ ఇంత ఖరీదైన సరుకు పంపేటప్పుడు చల్లటి డబ్బా, వెలుతురు చొరని సీసా అడగకుండానే ఇవ్వాలి.

కాగితాలకు రెండు నక్షత్రాలే ఎందుకంటే, విశ్లేషణ పత్రాన్ని హెంప్ సరుకు నమూనా మీద నకలు తీసి ఇచ్చారు. పురుగుమందుల అవశేషాల పట్టిక పేజీల కొద్దీ ఉంది. ఉక్కు తొట్టిలో చక్కెర తిని పెరిగిన ఈస్టుకు పురుగుమందు ఎవరు కొడతారు? భారలోహాల పట్టికా ఉంది. నేలలోని కాడ్మియం వంటివాటిని హెంప్ బాగా పీల్చుకుంటుంది కాబట్టి మొక్క సరుకుకు అది ప్రాణం, ఇక్కడ లాంఛనం. నాకు కావలసినవి వేరు: ఈస్టు ప్రోటీన్ ఎంత మిగిలింది, జన్యుమార్పిడి చేసిన ఈస్టు డీఎన్‌ఏ ఆనవాళ్లు ఉన్నాయా, సీబీజీని బయటికి లాగడానికి తొట్టిలో ఏ నూనె, ఏ ద్రావకం పోశారు, అది ఎంత మిగిలింది. వీటిలో ద్రావకాల సంగతి ఒక్కటే రాశారు. మిగతావి అడిగితే చాలా రోజులకు ఒక పేజీ పంపారు. అందులో అంకెలు బాగానే ఉన్నాయి, మొదటే ఇస్తే ఏం పోయింది?

పదార్థాలను వేరుచేసి గుర్తించే క్రొమటోగ్రఫీ పరీక్షలో మొక్క సీబీజీ, ఈస్టు సీబీజీ రెండూ ఒకే చోట శిఖరం చూపిస్తాయి. 21 కార్బన్లు, 32 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు, అణువు అణువే. తేడా పట్టాలంటే కార్బన్ ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువుల, నిష్పత్తి చూడాలి. హెంప్ ఒక రకం కిరణజన్య సంయోగక్రియ చేసే మొక్క. ఈస్టుకు మేతగా వేసే చక్కెర చెరకు నుంచో మొక్కజొన్న నుంచో వస్తే అవి ఇంకో రకం. ఆ తేడా అణువులోని కార్బన్‌లో గుర్తుగా మిగిలిపోతుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రెండు సరుకుల మధ్య ధర తేడా ఉన్నంతకాలం ఒకదాన్ని ఇంకొకదాని పేరుతో అమ్మాలని ఎవరికో ఒకరికి బుద్ధి పుడుతుంది.

సరఫరాదారు కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉన్న మాట 'టీహెచ్‌సీ సున్నా'. సీబీజీ విషయంలో ఇది నిజం, నిజం కావడానికి గట్టి కారణం ఉంది. సీబీజీ ఆమ్లం దగ్గరే ఆగిపోయే ఈస్టులో టీహెచ్‌సీ ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైమే పెట్టరు. లేని ఎంజైమ్ పొరపాటున కూడా పనిచేయదు. కానీ అదే కరపత్రం రాబోయే సీబీడీకి కూడా ఇదే హామీ ఇస్తోంది. అక్కడ నేను ఒప్పుకోను. సీబీడీ ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైమ్ పూర్తిగా నికార్సయినది కాదు, ప్రధానంగా సీబీడీ ఆమ్లం చేస్తూనే పక్కన కొంచెం టీహెచ్‌సీ ఆమ్లాన్నీ వదులుతుంది. మొక్కలో ఉన్నా, ఈస్టులో పెట్టినా దాని స్వభావం అదే. ఎంజైమ్‌ను మార్చాలి, లేదా చివర్లో శుద్ధి చేసి తీసెయ్యాలి. అందుకే ఈస్టు సీబీడీ అనగానే టీహెచ్‌సీ ఉండదని ఊహించుకోకండి, పరీక్ష ఫలితం అడగండి.

కరపత్రం మీద పరుగెత్తుతున్న క్రీడాకారిణి బొమ్మ ఒకటి వేశారు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ పోటీల సమయంలో కన్నాబినాయిడ్లన్నిటినీ నిషేధించి సీబీడీ ఒక్కదానికే మినహాయింపు ఇచ్చింది. సీబీజీకి ఇవ్వలేదు. ఈ బొమ్మ వేసినవాళ్లు ఆ జాబితా తెరిచి చూడలేదని స్పష్టంగా తెలుస్తోంది.

ఇప్పుడు ధర. నేను కొన్న ధర మొక్క సీబీజీ కంటే బాగా ఎక్కువ. 'ఉత్పత్తి పెరిగితే మొక్క కంటే చౌక అవుతుంది' అన్నది అందరూ చెప్పే మాట. అది ఎంతవరకు సాధ్యమో చూడాలంటే తొట్టిలో జరిగేది కొంచెం తెలియాలి.

మొక్కలో ఒకవైపు ఒలివెటాలిక్ ఆమ్లం తయారవుతుంది, మరోవైపు జెరానైల్ పైరోఫాస్ఫేట్ అనే టెర్పీన్ (మొక్కల సువాసన నూనెల్లో ఉండే రకం) ముక్క. ఒక ఎంజైమ్ ఈ రెండింటినీ అతికిస్తే సీబీజీ ఆమ్లం వస్తుంది. దాని మీద ఇంకో ఎంజైమ్ పనిచేస్తే టీహెచ్‌సీ ఆమ్లమో సీబీడీ ఆమ్లమో అవుతుంది. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి మనకు తెలిసిన రూపాలు మిగులుతాయి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జే కీస్లింగ్ బృందం ఈ గొలుసు మొత్తాన్ని ఈస్టులో పెట్టి 2019లో 'నేచర్' పత్రికలో ప్రకటించింది. శాస్త్రంగా గొప్ప పని. అంకెలు చూస్తే మాత్రం, లీటరుకు టీహెచ్‌సీ ఆమ్లం 8 మిల్లీగ్రాములు, సీబీడీ ఆమ్లం 4.8 మైక్రోగ్రాములు. కిలో టీహెచ్‌సీ ఆమ్లం కావాలంటే 1,25,000 లీటర్ల ద్రవం పులియబెట్టాలి. కిలో సీబీడీ ఆమ్లానికి దాదాపు 21 కోట్ల లీటర్లు. అది ప్రయోగశాల దశ అంకె, దాన్ని పట్టుకుని ఎగతాళి చేయడం న్యాయం కాదు. కానీ అక్కడి నుంచి వ్యాపారానికి ఎంత దూరమో ఆ అంకె చెబుతుంది.

చక్కెర లెక్క నేను కాగితం మీద వేశాను. టెర్పీన్ ముక్కకు రెండేసి కార్బన్ల ఎసిటైల్ ముక్కలు ఆరు, ఒలివెటాలిక్ ఆమ్లానికి ఆరు, మొత్తం పన్నెండు. ఒక గ్లూకోజ్ అణువు నుంచి రెండే వస్తాయి. అంటే ఒక సీబీజీ ఆమ్లం అణువుకు కనీసం ఆరు గ్లూకోజ్ అణువులు. బరువుల్లోకి మార్చి, వేడి చేసినప్పుడు పోయే కార్బన్ డయాక్సైడ్‌ను కూడా కలిపితే కిలో సీబీజీకి కనీసం 3.4 కిలోల గ్లూకోజ్. ఈస్టు తన బతుకుకు తినేది వేరు, శక్తికి ఖర్చుచేసేది వేరు, దాన్ని మూడింతలు వేసుకున్నా పది కిలోలు. అంటే చక్కెర ఖర్చు లెక్కలోకి రాదు. డబ్బు పోయేది తొట్టి అద్దె, కరెంటు, శుద్ధి, మనుషుల దగ్గర. ఇవన్నీ లీటరుకు ఎన్ని గ్రాములు తయారైందన్న ఒక్క అంకె చుట్టూ తిరుగుతాయి.

లీటరు ద్రవం పులియబెట్టి శుద్ధి చేయడానికి మొత్తం ఒక డాలరు ఖర్చు అనుకుందాం. ఇది నేను ఊహకు పెట్టుకున్న గుండ్రటి అంకె. తయారైనదాంట్లో 70 శాతం చేతికి వస్తుందనుకుందాం. లీటరుకు ఒక గ్రాము వస్తే కిలోకు సుమారు 1,430 డాలర్లు. పది గ్రాములు వస్తే 143. గ్రాములో పదో వంతే వస్తే 14,300. ఒక్క సున్నా అటూ ఇటూ అయితే వ్యాపారం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. ఈస్టు చేత పెద్ద అంకెలు సాధించడం అసాధ్యం కాదు. మలేరియా మందుకు ముడిసరుకైన ఆర్టెమిసినిక్ ఆమ్లాన్ని లీటరుకు 25 గ్రాముల దాకా, ఫార్నెసీన్ అనే టెర్పీన్‌ను 130 గ్రాముల దాకా తెచ్చారు.

కన్నాబినాయిడ్లతో చిక్కు ఏమిటంటే ఇవి కణానికి విషం. మొక్క కూడా వీటిని తన కణాల్లో దాచుకోదు, పూల మీది జిగురు గ్రంథుల్లో కణం బయట ఉన్న సంచిలోకి పంపేస్తుంది. ఈస్టుకు అలాంటి సంచి లేదు. నూనెలో కరిగే అణువు కాబట్టి పొరల్లో ఇరుక్కుపోతుంది. తొట్టి మీద నూనె పొర పోసి అందులోకి లాగాలి, తర్వాత ఆ నూనె నుంచి మళ్లీ వేరుచేయాలి. ప్రతి మెట్టులోనూ కొంత పోతుంది. ఒలివెటాలిక్ ఆమ్లానికి మొదటి ఇటుక ఆరు కార్బన్ల హెక్సనోయిక్ ఆమ్లం. దాన్ని బయటి నుంచి పోస్తే అదీ ఈస్టును దెబ్బతీస్తుంది, లోపలే చేయిస్తే నెమ్మదిస్తుంది. ఇవన్నీ సీబీజీకి వచ్చే చిక్కులు. టీహెచ్‌సీ, సీబీడీలకు వెళితే చివరి ఎంజైమ్ మరీ మొండిది. మడత సరిగా పడాలి, చక్కెర గొలుసులు తగిలించుకోవాలి, పనిచేసిన ప్రతిసారీ హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది. సీబీజీ ముందు బజారుకొచ్చి సీబీడీ వెనకబడటానికి ఇదీ ఒక కారణం.

ఇక మార్కెట్ వైపు చూస్తే, ఈ రంగానికి దురదృష్టం తోడైంది. 2018 సెప్టెంబరులో కెనడా గంజాయి సంస్థ క్రోనోస్ గ్రూప్, అమెరికా జీవసాంకేతిక సంస్థ గింకో బయోవర్క్స్ చేతులు కలిపాయి. లక్ష్యం ఎనిమిది కన్నాబినాయిడ్లు, కిలోకు వెయ్యి డాలర్ల లోపు ఉత్పత్తి ఖర్చు. ప్రతిఫలం సుమారు పది కోట్ల డాలర్ల విలువైన క్రోనోస్ షేర్లు. ఆ నాటికి వెయ్యి డాలర్ల లోపు అంటే కళ్లు చెదిరే మాట, ఎందుకంటే సీబీడీ ఐసోలేట్ కిలో కొన్ని వేల డాలర్లు పలుకుతోంది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా వ్యవసాయ చట్టం హెంప్‌కు తలుపులు తెరిచింది. రైతులు ఎగబడ్డారు. పంట గుట్టలుగా పేరుకుంది. 2020 నాటికి సీబీడీ ఐసోలేట్ వెయ్యి డాలర్ల దిగువకు జారింది, తర్వాత వందల్లోకి వచ్చింది. ఈస్టు గురి చూసి బాణం వేసేలోపు లక్ష్యమే కిందికి దిగిపోయింది. పూవులో పది శాతానికి పైగా సీబీడీ నింపుకునే మొక్క ఎండలో, వానలో తనంతట తానే పెరుగుతుంది. దానితో ధరలో పోటీ పడాలని ఉక్కు తొట్టి కట్టుకోవడం మొదటి నుంచీ నాకు అర్థం కాని ఆలోచన.

క్రోనోస్ మాత్రం సాంకేతికంగా మాట నిలబెట్టుకుంది. సీబీజీ లక్ష్యం 2021లో అందుకున్నారు, ఈస్టు సీబీజీ కలిపిన గమ్మీలను కెనడాలో అమ్మకానికి పెట్టారు. 2019లో కొన్న విన్నిపెగ్ ఫెర్మెంటేషన్ కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు 2023లో ప్రకటించారు. అమైరిస్ కథ ఇంకా కటువుగా ఉంది. ఈస్టు నుంచి స్క్వాలేన్ (చర్మానికి రాసే నూనె) వంటివి తీసి సౌందర్య సాధనాల్లో నిలదొక్కుకున్న ఆ సంస్థ కన్నాబినాయిడ్ల కోసం లావన్ అనే భాగస్వామితో ఒప్పందం చేసుకుంది. 2020లో ఆ భాగస్వామే 88.1 కోట్ల డాలర్లు కోరుతూ కోర్టుకు వెళ్లింది. అమైరిస్ 2023 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది. సీబీజీ వల్లే మునిగిందనడం అబద్ధం, ఆ సంస్థకు అప్పులు చాలా వైపుల నుంచి ఉన్నాయి. కానీ సీబీజీ దాన్ని ఒడ్డుకు చేర్చలేదు. కీస్లింగ్ స్థాపించిన డెమెట్రిక్స్ 2019లో 5 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది, దాని బేరమూ సీబీజీతోనే మొదలైంది.

అమ్మేవాళ్లకు నేను గుర్తుచేసేది పైన చెప్పిన మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను. అదే కీస్లింగ్ ప్రయోగశాలలో మొదలైన పని. ఫ్రాన్స్ మందుల సంస్థ సనోఫీ ఇటలీలోని గరేసియో కర్మాగారంలో ఈస్టు మార్గంలో తయారీ పెట్టింది. వాళ్ల ధర కిలోకు 350 నుంచి 400 డాలర్లు. మొక్క నుంచి తీసిన ఆర్టెమిసినిన్ 250 డాలర్ల లోపుకు పడిపోయింది. 2015లో ఆ కర్మాగారం ఆర్టెమిసినిన్ తయారే చేయలేదు, తర్వాత చేతులు మారింది. లీటరుకు 25 గ్రాములు ఇచ్చే ఈస్టుకే ఆ గతి పట్టింది. రైతు వచ్చే ఏడాది ఇంకో పంట వేసుకోగలడు, తొట్టి కట్టినవాడు పెట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకోవాలి. ధరల పోటీలో ఈ తేడాయే దెబ్బతీస్తుంది.

సీబీజీకి కూడా ఇప్పుడు ముప్పు అటు నుంచే. మొక్కల పెంపకందారులు చివరి ఎంజైమ్ సరిగా పనిచేయని హెంప్ రకాలను ఎంచి, పూవులో సీబీజీ పది శాతం దాటే పంటలు తెచ్చారు. మొక్క సీబీజీ ధర అందుకే దిగింది. ఇంకోవైపు రసాయన సంశ్లేషణ ఉంది, దాన్ని ఈ చర్చల్లో ఎవరూ లెక్కపెట్టరు. ఒలివెటాల్, జెరానియోల్ కలిపి సీబీజీ చేయవచ్చు. మందుల లోకంలో టీహెచ్‌సీ అమెరికాలో 1985లోనే డ్రొనాబినాల్ పేరుతో సంశ్లేషణ మార్గంలో అనుమతి పొందింది. అంటే ఈస్టుకు ఇద్దరు పోటీదారులు, రైతు ఒకరు, రసాయన కర్మాగారం ఇంకొకరు.

మరి ఈస్టుకు చోటే లేదా? ఉంది, అయితే సీబీడీ, టీహెచ్‌సీల దగ్గర కాదు. ఆకులు తియ్యగా ఉండే స్టీవియా మొక్క విషయంలో ఏం జరిగిందో చూడండి. ఆకులో దొరికే సాధారణ తీపి పదార్థాల కోసం తొట్టి పెట్టినవాళ్లు తక్కువ. ఆకులో ఆనవాలుగా మాత్రమే ఉండి, రుచిలో అన్నిటికన్నా మెరుగైన రెబాడియోసైడ్ ఎం కోసం పెట్టారు. కన్నాబినాయిడ్లలో దానికి సరితూగేవి టీహెచ్‌సీవీ, సీబీసీ, సీబీజీవీ వంటివి. ఈస్టుకు ఆరు కార్బన్ల ఆమ్లం బదులు నాలుగు కార్బన్లది మేపితే తోక పొట్టిదై ఈ 'వీ' కుటుంబం వస్తుంది. బర్క్‌లీ బృందం ప్రకృతిలో లేని తోకలు కూడా తగిలించి చూపించింది. ఏ రైతూ పండించలేనివి ఇవి. ఏ కొత్త అణువుకైనా ఔషధ గుణం రుజువైతే అప్పుడు కిలోకు వేల డాలర్లు పెట్టేవాళ్లు ఉంటారు. అలా రుజువు చేయడానికి ఏళ్లు, కోట్లు పడతాయన్నది వేరే సంగతి. ఎపిడియోలెక్స్ 2018లో అమెరికాలో మూర్ఛ మందుగా అనుమతి పొందింది, అందులోని సీబీడీ మాత్రం మొక్క నుంచి తీసినదే. మందుకు కావలసిన శుద్ధి మొక్క కూడా ఇవ్వగలదన్నమాట.

నాచు గురించి రెండో కరపత్రం కూడా ఇచ్చారు. ఆకుపచ్చ గొట్టాల ఫొటో చూడముచ్చటగా ఉంది. సూర్యకాంతి ఉచితం, చక్కెర అక్కర్లేదు, నూనె బిందువుల్లో దాచుకోగలదు అని వాదన. చక్కెర ఖర్చు లెక్కలోకే రాదని పైన చూశాం కాబట్టి మొదటి రెండు లాభాలూ లాభాలు కావు. బహిరంగ చెరువుల్లో నాచు ఎండు బరువు లీటరుకు అర గ్రాము ప్రాంతంలో ఉంటుంది. అందులో ఒక శాతం కన్నాబినాయిడే అనుకున్నా లీటరుకు 5 మిల్లీగ్రాములు, కిలోకు రెండు లక్షల లీటర్ల నీళ్లు వడపోయాలి. గాజు గొట్టాల్లో సాంద్రత పెరుగుతుంది, పెట్టుబడి అంతకన్నా పెరుగుతుంది. ఫియోడాక్టిలమ్ అనే డయాటమ్‌లో (ఏకకణ నాచు రకం) ఒలివెటాలిక్ ఆమ్లం దాకా చేయించినవాళ్లు ఉన్నారు, అది మిల్లీగ్రాముల స్థాయి, పైగా గొలుసులో సగం దారే. చీకట్లో చక్కెర తిని దట్టంగా పెరిగే నాచు జాతులూ ఉన్నాయి, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 నూనె అలాగే తీస్తారు. కానీ చీకటి తొట్టిలో చక్కెరతో పెంచేటప్పుడు ఈస్టును వదిలి, జన్యువులు మార్చడం అంత తేలిక కాని నాచును ఎందుకు ఎంచుకోవాలి? నాచు నూనెల మీద భారీగా పెట్టుబడి తెచ్చుకున్న సొలజైమ్, టెరావియాగా పేరు మార్చుకుని 2017లో దివాలా తీసింది. నాచు సీబీజీ నమూనా అడిగాను, లేదన్నారు. సమీక్షించడానికి సరుకు లేదు కాబట్టి దీనికి నక్షత్రాలు లేవు.

చట్టం గురించి ఒక మాట. 1961 నాటి మాదకద్రవ్యాల అంతర్జాతీయ ఒప్పందం గంజాయి మొక్క పూత, జిగురుల చుట్టూ రాసినది. మొక్కే లేని సరుకు కొన్నిచోట్ల దీనివల్ల సులువుగా చెల్లుతుంది. కొన్నిచోట్ల ఇబ్బంది కూడా అదే. అమెరికా వ్యవసాయ చట్టం ఇచ్చిన వెసులుబాటు హెంప్ మొక్క నుంచి వచ్చినవాటికే. ఈస్టు నుంచి వచ్చిన టీహెచ్‌సీకి ఆ గొడుగు లేదు. మీ దేశంలో ఏది చెల్లుతుందో కొనకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. ఈ ప్రశ్నకు సరఫరాదారు నోటిమాటగా చెప్పే జవాబు పనికిరాదు.

కొనాలనుకునేవాళ్లు నేను పైన అడిగిన కాగితాలతోపాటు మూడు వేర్వేరు విడతల విశ్లేషణ పత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి. నాకు వచ్చిన విడతల మధ్య తేడా దాదాపు లేదు, మొక్క సీబీజీలో అలాంటి నిలకడ నేను చూడలేదు. మొక్కకు వానలు, పురుగులు, కోత సమయం ఉంటాయి. తొట్టికి అవి లేవు. ఈ నిలకడకు, వాసన లేకపోవడానికి ధర ఎక్కువ ఇవ్వడం సమంజసమే అనిపించింది. 'మొక్కను కాపాడాం, నీళ్లు ఆదా చేశాం' అన్న మాటకు మాత్రం ఇవ్వను. తొట్టి కరెంటు, శుద్ధి ద్రావకాలు లెక్కలో చూపించిన పత్రం ఒక్కటీ నాకు ఇవ్వలేదు.

మా విషయంలో నిర్ణయం ఇలా తేలింది. పరిమళం కలిపే లేపనాలకు హెంప్ సీబీజీ కొనసాగుతుంది, అక్కడ అదనపు డబ్బుకు ఫలితం కనిపించదు. పరిమళం లేని ముఖ నూనెకు ఈస్టు సీబీజీ తీసుకుంటున్నాం, గట్టి సీసాలో, చల్లటి పెట్టెలో పంపుతామని రాసిచ్చాకే. మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకుంటే ధర తగ్గిస్తామన్నారు. హెంప్ సీబీజీ ధర ఇంకా దిగే అవకాశం ఉన్నప్పుడు మూడేళ్లకు కట్టుబడటం నాకు ఇష్టం లేదు, ఏడాదికే సంతకం చేశాను. టీహెచ్‌సీవీ ఎప్పుడిస్తారని అడిగితే 'త్వరలో' అన్నారు, ధర అడిగితే జవాబు రాలేదు.